గింజ ఆగాలి

గుణుపురంలో సాయంత్రం ఆరైతే
రైసుమిల్లు ఓల్టేజీని నూట ఎనభైకి లాగేస్తుంది.
అప్పుడు నా ఆంప్
తడిసిన గోనెసంచిని కర్రతో కొట్టినట్టు మోగుతుంది.
లావు తీగ మీద అరచేయి ఆన్చి కొడితే
దెబ్బ పడ్డచోట ఆగదు.
జారి, సాగి,
తర్వాతి దెబ్బ కాళ్ళకి అడ్డంపడుతుంది.

నాకు తెలిసిన వైద్యం ఒకటే, గెయిన్ పెంచడం.
పెంచాను. బేసూ పెంచాను.
మిడిల్ సున్నా చేశాను.
గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు అది కొండ విరిగినట్టుండేది.
సుక్రు బేసు తగిలించుకుని, ప్రఫుల్ల డ్రమ్ముల ముందు కూర్చున్నాక
ఆ కొండ ఎటు పోయేదో నాకే తెలీదు.
సోలో సగంలో ఉంటే
"ఇంకా మొదలెట్టలేదా?" అని ఒరియాలో అడిగింది
పాడే పిల్ల.

వంశధార వైపు దిగే సందులో రౌతు గవరయ్య కొట్టు.
నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకి మైకుసెట్లు కట్టి
కుడి చెవి మొత్తం, ఎడమది ముప్పావు
హారన్లకి ఇచ్చేసిన మనిషి.
ఇతని దగ్గరకా, అనుకున్నాను.
నా మొహం చదివి నవ్వి
ఇంట్లోకి కేకేశాడు, "గుప్పెడు బియ్యం తే."

పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టి, జాలీ విప్పి
స్పీకరు కాగితం మీద గింజలు జల్లాడు.
"వాయించు."
గింజలు ఎగిరాయి,
నేను చెయ్యి తీసేశాక కూడా ఎగురుతూనే ఉన్నాయి,
భోజనాలయినా కదలని చుట్టాల్లా.
"అదీ నీ రోగం. ఎగరడం కాదురా గుంటా, ఆగడం సూడు."

ఆంప్ మూత తీసి
లోపలికొచ్చే దారిలోనే ఒక కెపాసిటర్ పీకి
దానికన్నా చిన్నది అతికించాడు.
"బురద ఇంట్లోకొచ్చీసాక తుడిస్తే ఏటి లాభం?
గడప కాడే కాళ్ళు కడుక్కోవాల."
గెయిన్ సగానికి దించాడు. నా ప్రాణం ఉసూరుమంది.
మిడిల్ ఏడు దగ్గర నిలబెట్టాడు.
"మనిసి గొంతుండీది ఇక్కడే.
దీన్ని సంపీసి సోలో ఇనబళ్ళేదని ఏడిస్తే?"

మళ్ళీ కొట్టాను.
గింజలు ఒక్కసారి లేచాయి.
ఆగాయి.
దెబ్బకీ దెబ్బకీ మధ్య
సందు చివర ఎవరిదో సైకిలు చైను చప్పుడు వినిపించింది.

సోలోకి ఇది చాలదు కదా, అన్నాను,
అతని ఎడమ చెవిలో అరిచి.
ఆంప్ ముందు బూస్టరు పెట్టి తొక్కి చూపించాను.
గరుకు పెరిగింది, ఎత్తు పెరగలేదు.
కాగితం మీద వేలానించి తల అడ్డంగా ఊపాడు.
"నిండా నలిగిపోనాది అది.
రోట్లో ఎంతసేపు నూరితే మాత్రం పచ్చడి ఎక్కువౌద్దా?
నూరడం అయ్యాక, వడ్డించీకాడ గరిటి మార్చాల."
జర్దా డబ్బాలో ఒక స్విచ్చు, ఒక తిప్పుడు గుండీ బిగించి
పెట్టె వెనక లూపు కన్నాల మధ్య కలిపాడు.
నూట ఇరవై తీసుకున్నాడు.
బియ్యం ఒక్కొక్కటే ఏరుకుని పోయింది వాళ్ళావిడ.

కాలేజీ మైదానంలో, మిల్లు కట్టేశాక, రాత్రి తొమ్మిదిన్నర.
పాట మధ్యలో జర్దా డబ్బాని బూటుతో నొక్కాను.
డ్రమ్ముల మీదుగా, సుక్రు మీదుగా,
అప్పటిదాకా నేనే చేసిన రణగొణ మీదుగా
ఒక్క సన్నతీగ లేచి నిలబడింది.
కుర్రాళ్ళు అరిచే ఉంటారు.
నేను చూసింది షామియానా చివరి వెదురుగుంజని,
దాన్ని రెండు చేతులా పట్టుకున్న గవరయ్యని.
స్వరం వంగి పైకి పోతుంటే
అతని బొటనవేలు కొంచెం లేచింది.
తీగ నొక్కి ఆపేస్తే
దిగింది, అప్పటికప్పుడే.

ఎంత ఏరినా ఒక గింజ లోపల ఉండిపోయినట్టుంది.
లావు తీగ ఐదో మెట్టు మీద
సన్నగా జిర్రుమంటుంది ఇప్పటికీ.
సుక్రుకి చిరాకు, విప్పి తీసెయ్యమంటాడు.
జాలీకి స్క్రూలు నాలుగే.